పోతేసినాం

ఉదయం ఆరూ పదికి మునిసిపాలిటీ కుళాయి వచ్చింది. మా వదిన ప్లాస్టిక్ బకెట్ దాని కింద పెట్టి, నిండేదాకా అక్కడే నిలబడింది. మా అన్నయ్య పెద్దకర్మ అంతకు ముందురోజే అయింది. చుట్టాలు చాలామంది ఆ సాయంత్రం బస్సులకే వెళ్ళిపోయారు. బరంపురంలోని మా ఇంట్లో ఆ పూట లేచి ఉన్నది మేమిద్దరమే. ఏ బకెట్ అడుగున చూసినా నడిమధ్యలో చిన్న బొడిపె ఒకటి ఉంటుంది. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి దూరిన చోటు అది. ఖాళీ బకెట్ కనిపిస్తే నా కళ్ళు ముందు అక్కడికే పోతాయి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇండస్ట్రియల్ డిజైన్ విద్యార్థులకు పదార్థాలు, తయారీ పద్ధతులు అనే పాఠం చెప్పాను. చావు జరిగిన ఇంట్లో కూడా ఆ అలవాటు నన్ను వదల్లేదు.

నీళ్ళు పట్టాక వదిన పెరటి గడప మీద కూర్చుంది, నేనూ కూర్చున్నాను. ఎదురుగా స్టీలు సామాన్ల షోరూము వెనక గోడ. ఆ గోడవైపు చూస్తూ వదిన నాకొక సంగతి చెప్పింది. అది అర్థం కావాలంటే ఆ షోరూము ఉన్నచోట ఒకప్పుడు ఏముండేదో ముందు చెప్పాలి.

అక్కడ రేకుల షెడ్డు ఉండేది. వీధివైపు మా దుకాణం, మధ్యలో ఇల్లు, వెనక షెడ్డు. మా తాతల కాలంలోనే వ్యాపారానికి వచ్చి ఒడిశాలోని బరంపురంలో నిలిచిపోయిన తెలుగు కుటుంబం మాది. ఇతరులు పాత్రలు కొని అమ్మేవారు; మేము పోత పోయించి అమ్మేవాళ్ళం. ఆవుల మెడగంటలు, దీపపు కుందులు, తలుపు గొళ్ళాలు. ఏ వస్తువు పోయాలన్నా ముందు చెక్కతో చేసిన దాని నమూనా ఉండాలి. నమూనాను తడి ఇసుకలో నొక్కి, ఇసుక చెదరకుండా పైకి తీస్తే దాని ఆకారంలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. మా తాత చేయించిన టేకు నమూనాలు షెడ్డు గోడ పొడుగునా అరల్లో ఉండేవి. వాడి వాడి అంచులు గుండ్రబడి, చేతి నూనెకు నల్లబడి ఉండేవి. వాటిని తుడిచే పని చిన్నప్పుడు నాది. ఏ అరలో ఏ గంట ఉందో చూడకుండా తీసి ఇచ్చేదాన్ని.

ఇసుక నిలవడానికి దానిలో చక్కెర మిల్లు నుంచి వచ్చిన బెల్లం మడ్డి కలిపేవారు. వేడి లోహం తగలగానే అది మాడేది. మా ఇంట్లో బట్టలకీ, పక్కలకీ, అన్నానికీ ఆ మాడిన బెల్లం వాసనే. బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలు మీ ఇంట్లో రోజూ పాకం మాడుతుందా అని అడిగేవారు. బాహుదా నది ఒడ్డు నుంచి బండి మీద ఇసుక వచ్చేది. దాన్ని జల్లించడం అమ్మ పని. పొద్దున్న పూజయ్యాక ముక్కుకు చీర చెంగు కట్టుకుని జల్లెడ పట్టుకునేది. పెరట్లో ఆ శబ్దం ఆగితే వంట మొదలైందని అర్థం. పోత రోజున మాత్రం మూసలో కరిగిన ఇత్తడి ఖాళీ అయ్యేదాకా ఎవరికీ అన్నం పెట్టేది కాదు. మగవాళ్ళు నిప్పు దగ్గర ఉండగా ఇంట్లో కంచం చప్పుడు కాకూడదని ఆవిడ పట్టింపు.

అమ్మకు ఇంకొక పట్టింపు ఉండేది, భాష విషయంలో. షెడ్డులో పనివాళ్ళంతా ఒడియా వాళ్ళు. మేము వాళ్ళతో ఒడియా, వాళ్ళు మాతో తెలుగు, రెండూ కలిసిపోయి మూడోదొకటి. నేను ఒడియా మాటకు తెలుగు తోక తగిలించి మాట్లాడితే అమ్మ జల్లెడ ఆపి మరీ కసిరేది. "ఏ బాసైనా ఒకటే మాటాడు. సగమిదీ సగమదీ అయితే ఇన్నోడికి ఏటి తెలుస్తాది?" అనేది. షెడ్డులో మాత్రం ఆ మాట ఎవరూ పట్టించుకునేవారు కాదు.

పెద్ద మిస్త్రీ అర్జునొకి నోరు ఊరుకునేది కాదు. దిగపహండి నుంచి, పాత్రపూర్ నుంచి రైతులు గంటలు కొనడానికి వచ్చినప్పుడు అతను పని ఆపి దుకాణంలోకి వచ్చి నిలబడేవాడు. రైతు గంట ఊపి, చెవి దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించేవాడు.

"ఇది మా గౌరి గంట కాదు బావూ. పక్కోడి ఆవు గంటలాగున్నాది."

"ఇంకా మెడకి కట్టనేలేదు, పక్కోడి ఆవుదెలాగైపోనాది?" అనేవాడు నాన్న.

"మా గౌరి ఇలాగ ఏడవదు."

"హఉ హఉ, అలాగే, గౌరినే తోలుకురా," అనేవాడు అర్జునొ. "గౌరి అరుపు ఇని అదే గొంతు పోసిస్తాను. పెయ్యకి ఏరేగా డబ్బులు తియ్యాల మరి."

రైతు నవ్వడు. అరగంట వెతికి తనకు కావలసిన గంటే తీసుకుని వెళ్ళేవాడు. నాన్న అతన్ని తొందరపెట్టగా నేను చూడలేదు.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉండేది. విరిగిపోయిన నమూనాను పొయ్యిలో పెట్టేవారు కాదు, పారేసేవారు కాదు. షెడ్డు మూల గొయ్యి తీసి, నమూనాకు పసుపు రాసి, గుప్పెడు బియ్యం వేసి పాతిపెట్టేవారు. మనిషికి చేసినట్టే. పాతిపెట్టడాన్ని ఒడియాలో 'పోతిబా' అంటారు. తెలుగులో పోత అంటే లోహాన్ని అచ్చులో పోయడం. మా షెడ్డులో ఈ రెండు మాటలూ పక్కపక్కనే బతికేవి. మా వైపు వేశాం అనే మాటను ఏసినాం అంటారు. పోత ఏసినాం, కలిపి పలికితే పోతేసినాం. ఒడియా పోతిబాకు తెలుగు తోక తగిలించినా వచ్చేది పోతేసినామే. ఒకటి పుట్టించడం, ఒకటి పూడ్చడం. ఎదురుగా నిలబడి మాట్లాడుకుంటే పొరపాటు పడే వీలు లేదు. మనిషి చేతిలో ఏముందో కనిపిస్తుంది కదా.

నాన్న పోయాక వ్యాపారం అన్నయ్య చేతికి వచ్చింది. అప్పటికి స్టీలు గిన్నెలు ఊరంతా వచ్చేశాయి. నన్ను డిజైన్ చదివించాలన్నది అన్నయ్య ఆలోచనే. ఆడపిల్లను అంత దూరం పంపడమేమిటని చుట్టాలు అంటే అతనే వాదించాడు. "మనకి తయారీ సదివిన మనిషి ఒకర్తి ఉండాల. లేపోతే బయటోడ్ని తెచ్చి పెట్టుకోమేటి? ఇదైతే ఇంట్లో మనిషి," అన్నాడు. రైలు కదులుతుంటే కిటికీ ఊచ పట్టుకుని, "నువ్వొచ్చేదాకా షెడ్డు అలాగే ఉంటాది. ఒక్క అర కదపను. సదువు మీద సూపు పెట్టు," అని చెప్పాడు. అర్జునొ కూడా స్టేషనుకు వచ్చాడు. "ఆ కాలేజీలో ఇసక కూడా ఇంగ్లీసు మాటాడతాదేటి అమ్మీ? నేర్సుకుని రా, మన ఇసక్కి సెప్పు," అన్నాడు. అమ్మ అన్నం పొట్లం చేతికిచ్చి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

చదువులో నాకు బాగా నచ్చింది పదార్థాల పాఠమే. మాస్టారు ప్రతి క్లాసుకీ ఒక సంచీ తెచ్చేవారు. దానిలో నుంచి ఏదో ఒక వస్తువు తీసి చేతులు మార్పించేవారు. పెన్ను మూత, తాళం కప్ప, సైకిలు పెడలు. అది ఎలా తయారైందో మేము చెప్పాలి. రెండు అచ్చులు కలిసిన చోట సన్నని గీత ఉంటుంది. రేకును నొక్కి చేసినదైతే మూలలు గుండ్రంగా ఉంటాయి. ఇసుకలో పోసినదైతే ఆకురాయి పట్టినా పైన గరుకుతనం పోదు. నమూనా పక్కలు కొంచెం ఏటవాలుగా ఉంటేనే అది ఇసుకను చింపకుండా పైకి వస్తుందని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. మా షెడ్డులో దాన్ని జారు అనేవాళ్ళం. జారు లేని నమూనా తెస్తే అర్జునొ వడ్రంగిని తిట్టిన తిట్లు బోర్డు మీద రాయదగ్గవి కావు. నేను నవ్వితే మాస్టారు ఎందుకని అడిగారు. చెప్పాను. ఆ రోజు నుంచి ఇసుక పోత మాటొస్తే ఆయన నావైపు చూసి చెప్పేవారు.

చివరి ఏడాది ప్రాజెక్టుకు నేను మా షెడ్డునే తీసుకున్నాను. మా నమూనాలతోనే, గోడ మందం తగ్గించి, కుందులను మరలతో విడదీసేట్టు మార్చాలని. స్టీలు చేయలేనిది ఇత్తడి ఏం చేయగలదో చూపించాలని. అది ఒక డిగ్రీ కోసం పెట్టుకున్న ప్రాజెక్టు కాదు. చదువు అయ్యాక నేను బతకబోయే బతుకు అదే అనుకున్నాను. వేరే ఉద్యోగానికి ఎక్కడా అర్జీ పెట్టలేదు. కొలతలు తీసుకోవడానికి ప్రతి నమూనాతోనూ ఒక్కొక్క వస్తువు పోయించి ఉంచమని అన్నయ్యకు కబురు పెట్టాను. కొన్నాళ్ళాగి హాస్టలు బయట ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. మా దుకాణంలో ఫోన్ అన్నయ్యే తీశాడు. గొంతు మామూలుగానే ఉంది.

"నమూనాలు ఎంతవరకొచ్చాయన్నయ్యా?"

కొంచెం ఆగాడు. "పోతేసినాం," అన్నాడు.

"అన్నీనా?"

"అన్నీ. ఒక్కటీ మిగల్లేదు."

నేను ఫోన్ పెట్టేసి మాస్టారి గదికి పరిగెత్తాను. నా వస్తువులన్నీ తయారైపోయాయని చెప్పాను. ఆయన తన కొలత పనిముట్లు సొంత పెట్టెతో సహా నాకు అరువిచ్చారు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. బెల్లం మాడిన వాసన లేదు. పోత లేని రోజేమో అనుకున్నాను. పెరట్లోకి వెళితే రేకుల కప్పు లేదు. షెడ్డు ఉన్నచోట సిమెంటు గచ్చు, దాని మీద తడిపిన గోనెసంచులు. అన్నయ్య మగ్గుతో వాటి మీద నీళ్ళు చల్లుతున్నాడు. నన్ను చూసి, "అడుగెయ్యకు, ఇంకా పచ్చిగా ఉన్నాది," అన్నాడు.

"షెడ్డేదీ?"

"స్టీలు కంపెనీ వాళ్ళ ఏజెన్సీ వచ్చింది. షోరూము కడతన్నాం."

"అర్జునొ?"

"సూరత్ ఎళ్ళిపోనాడు. వాళ్ళ ఊరోళ్ళంతా అక్కడే ఉన్నారు కదా."

"మరి నా నమూనాలేవి? పోతేసినామన్నావు కదా."

అన్నయ్య మగ్గు కింద పెట్టాడు. గచ్చు వైపు చూపించాడు. "అవును. పోతేసినాం. ఆ మూల. పసుపు రాసే పెట్టాం, ఊరికే పారెయ్యలేదు."

నేను ఏమన్నానో నాకు గుర్తు లేదు. అతను అన్నది గుర్తుంది. "నేను నీకు అబద్ధం సెప్పలేదే అమ్మీ. ఉన్నమాటే సెప్పాను," అన్నాడు. అతని ముఖంలో ఏ కపటమూ కనిపించలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. అబద్ధమాడిన మనిషిని నిలదీయవచ్చు. ఇతను నిజమే చెప్పి, నేను తప్పుగా వింటానని తెలిసి ఊరుకున్నాడు. బాగున్న నమూనాలకు విరిగిపోయినవాటికి చేసే కర్మ చేశాడు. ఆ మధ్యాహ్నం అమ్మ నాకు అన్నం పెట్టింది. పప్పు మీద నెయ్యి వేస్తూ, "పోనీలే, ఏదో ఒకటి సదువుకున్నావు," అంది. నేను అమ్మ చేయి పట్టుకుని ఏడ్చాను. అన్నయ్యను తిట్టాను. అమ్మ నా వీపు నిమిరింది. ఆ ఇంట్లో నాకు మిగిలింది ఆవిడ ఒక్కతే అనుకున్నాను.

మాస్టారికి పనిముట్లు తిరిగి ఇచ్చేశాను. ప్రెషర్ కుక్కర్ పిడి మీద ప్రాజెక్టు చేసి పాసయ్యాను. ఆ కాలేజీలోనే ఉద్యోగం ఇచ్చారు, ఉండిపోయాను. అన్నయ్యతో మాటలు పూర్తిగా పోలేదు. పెళ్ళిళ్ళకూ పురుళ్ళకూ వచ్చేదాన్ని. షోరూము లోపలికి మాత్రం వెళ్ళలేదు. అమ్మ మంచం పట్టినప్పుడు సెలవు పెట్టి వచ్చి ఆఖరిదాకా దగ్గరున్నాను. నా చేతుల్లోనే పోయింది. అన్నయ్య గుమ్మం దగ్గర నిలబడి చూసేవాడు, లోపలికి వచ్చేవాడు కాదు. తప్పు చేసినవాడు కనుక రాలేడని అనుకునేదాన్ని.

ఇక వదిన చెప్పిన సంగతి. కొంగుతో చేతులు తుడుచుకుని, నా వైపు చూడకుండా మొదలుపెట్టింది.

"నీకో మాట సెప్పాల అమ్మీ. ఆయనున్నన్నాళ్ళూ సెప్పొద్దన్నారు. ఇప్పుడు ఆయన్లేరు."

"ఏంటొదినా?"

"షెడ్డు తీసెయ్యమన్నది మీ అన్న కాదు. అత్త."

నేను వదిన వైపు తిరిగాను.

"అప్పటికి నేను కొత్త కోడల్ని. అత్తకి ఆ ఇసక పని ఇంక సేతకాకపోయినాది. దగ్గొకటి. మీ నాన్న పోయాకైనా ఆగుతాదనుకుంది, ఆగలేదు. నువ్వొస్తే మళ్ళా మొదలని బయం. నువ్వింట్లో ఉంటే మూయనివ్వవని తెలుసు కదా. నువ్వు రాకముందే అయిపోవాల అంది. మీ అన్న ఒప్పుకోలేదు. అమ్మీకి మాటిచ్చానన్నారు. అత్త అన్నం మానేసింది."

"పసుపు..."

"అత్తే రాసింది. ఒక్కో దానికీ. నేను పళ్ళెం పట్టుకున్నాను."

వదిన మళ్ళీ అంది. "నీ ఫోనొచ్చేసరికి అత్త పక్కనే ఉంది. దానికి ఏటని సెప్పమంటావని మీ అన్న ఫోను గొట్టం మీద సెయ్యడ్డం పెట్టి అడిగారు. అత్త అంది, 'పోతేసినామని సెప్పు. దానికి నచ్చినట్టు అది ఇనుకుంటాది' అని."

వదిన నా ముఖం చూసి భయపడినట్టుంది. "తవ్వించమంటావేటి? ఆ మూల గచ్చు ఎలాగూ పగిలే ఉన్నాది. అబ్బాయితో సెప్తాను," అంది. వద్దన్నాను. ఆ మట్టి తడిమట్టి. అన్నేళ్ళు అందులో ఉన్న చెక్కలో ఏం మిగులుతుందో నాకు తెలుసు, అది నా పాఠమే. కాసేపటికి వదిన లోపలికి వెళ్ళి టీ పెట్టింది. తాగాను.

ఆ తరువాత చాలా రోజులు ఒకటే విషయం ఆలోచించాను. ఇసుక జల్లించలేకపోతున్నానని అమ్మ నాతో ఒక్కసారి అని ఉంటే నేనేం చేసి ఉండేదాన్ని? జల్లెడ లాక్కునేదాన్ని. పనిమనిషిని పెట్టించేదాన్ని. షెడ్డే మూయమంటే బహుశా ఏడ్చి, మూసేదాన్ని. ఆవిడ నన్ను అడగలేదు. సగమిదీ సగమదీ అయిన మాట మాట్లాడితే కసిరిన మనిషి, వెతికి అలాంటి మాటే ఏరి కొడుకు నోట్లో పెట్టింది. నా చెవి ఎటు వాలుతుందో ఆవిడకు తెలుసు, పెంచినది ఆవిడే కనుక. ఆ మధ్యాహ్నం నేను కొడుకును తిడుతుంటే నా వీపు నిమురుతూ విన్నది. నా చేతుల్లో పోయేటప్పుడు కూడా చెప్పలేదు. అన్నయ్య సంగతి వేరు అని వదిన అనుకుంటోంది. నాకు అలా అనిపించడం లేదు. తల్లిని కాపాడటం కోసం చెల్లెలి దగ్గర దొంగగా నిలబడటం గొప్పే కావచ్చు. నన్నెవరూ కాపాడలేదు. ఇద్దరూ కలిసి నాకొక అన్నను లేకుండా చేశారు, నేను అతని శవం దగ్గర కూడా ముక్తసరిగానే ఏడ్చాను.

ఇప్పుడు మా కాలేజీలో పోత పాఠం తెర మీద చూపిస్తారు. కరిగిన లోహం అచ్చులో ఎటు పారుతుందో రంగుల్లో కనిపిస్తుంది. గాలి ఎక్కడ చిక్కుకుంటుందో పోయకముందే తెలుస్తుంది. అది మంచి మార్పే, నేనే అడిగి పెట్టించాను. మా రోజుల్లో వస్తువు చల్లారాక, ఇసుక పగలగొట్టి బయటికి తీస్తే గాని లోపల బొక్క ఉందో లేదో తెలిసేది కాదు. ఇంట్లో మనుషుల గురించి అది ఇప్పటికీ అలాగే ఉంది. మా మేనల్లుడు స్టీలు కూడా మానేసి ఫోన్ల షోరూము పెడతానంటున్నాడు. పెట్టుకోమన్నాను.

అమ్మ పోయిన తిథినాడు ఏటా ఒక్కపొద్దు ఉండేదాన్ని. ఇప్పుడు ఉండటం లేదు.